లేని పేజీల జాబితా

టైపక్కకు ఆ పేరు టైపు నేర్చుకున్నందుకు రాలేదు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో పదకొండేళ్ళు మిషను పెట్టుకుని అర్జీలూ ఒప్పందాలూ కొట్టినందుకు వచ్చింది. ఆ వరండాలో ఐదుగురు టైపిస్టులుండేవారు. జనం మాత్రం ఆమె బల్ల ముందే వరస కట్టేవారు. దానికి కారణం వేళ్ళ వేగం కాదు, చెవి. వచ్చినవాడు తన గోడు మూడు వంకర్లు తిప్పి చెబితే, అంతా విని, అంటే మీ తమ్ముడు సంతకం పెట్టనంటున్నాడు, అంతే కదా అని ఒక్క ముక్కలో తేల్చేసేది. మనిషి ఎదురుగా కూర్చుంటే మాటలో దొరకనిది మొహంలో దొరుకుతుంది. ఆ సంగతి మొహాలు కనిపించని చోటికి వెళ్ళాక గానీ ఆమెకు తెలిసిరాలేదు.

ఆఫీసులో కంప్యూటర్లు వచ్చాయి. అచ్చు ఫారాలు వచ్చాయి. వరండాలో బల్లలు తీసేసి పూలకుండీలు పెట్టారు. మందుల షాపులో పనిచేసే చెల్లెలు అప్పుడే ఆమెకు ఒక సైటు చూపించింది. ఎక్కడెక్కడి పనులో అక్కడ దొరుకుతాయి. బొమ్మలు గీసేవాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు, గొంతు ఇచ్చేవాళ్ళు, ఎవరి దుకాణం వాళ్ళది. టైపక్క కూడా చేతిరాత కాయితాలు టైపు చేసిపెడతానని ఒక దుకాణం తెరిచింది.

ఆ సంతలో కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ గాజు గోడ ఉంటుంది. ఏం మాట్లాడుకున్నా సైటు ఇచ్చిన మెసేజ్ పెట్టెలోనే మాట్లాడుకోవాలి. ఫోన్ నంబరు ఇవ్వకూడదు, ఇంటి అడ్రసు ఇవ్వకూడదు. ఇస్తే దుకాణం మూత. ఇద్దరూ బయట కలుసుకుంటే సైటు వాటా పోతుందన్నది అసలు భయం. ఆ మాట వాళ్ళు చెప్పరు, ఇదంతా మీ భద్రత కోసమే అంటారు. కోడి క్షేమం కోసమే గంప బోర్లించామన్నట్టు.

తొమ్మిదేళ్ళలో టైపక్క ఆ పెట్టెలో మాట్లాడటం బాగా నేర్చింది. "ఉన్నారా?" అని ఒక్క మాట పెట్టి మాయమయ్యేవాడు ఇంకో పదిమందిని కూడా అదే అడిగి ఉంటాడు. "చిన్న పనేనండీ" అన్నవాడి పని చిన్నదై ఉండదు. మొదటి మెసేజులోనే తన గొప్పలు చెప్పుకున్నవాడు చివరి మెసేజులో తగాదా పెట్టుకుంటాడు. గంటలోపు జవాబిస్తే పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంటుంది, ఆలస్యమైతే పోతుంది. ఆ గుర్తు కోసం ఆమె స్నానాల గదిలోకి కూడా ఫోన్ పట్టుకెళ్ళింది. అత్తగారు ఆస్పత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంటే మంచం పక్కన నిలబడి ఒక చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో "తప్పకుండా సార్, రేపటికల్లా పంపిస్తాను" అని కొట్టింది. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తనమీద తనకే అసహ్యం.

భర్త బస్సు డిపోలో టైర్లు మార్చే పనిలో ఉంటాడు. ఆయన ఒకసారి అన్నం ముందు కూర్చుని, నాతో మాట్లాడాలంటే నేను కూడా ఆర్డరు పెట్టాలా అని అడిగాడు. ఆమె నవ్వేసింది. ఆయన నవ్వలేదు. ఆమె ఫోను చూసుకుంటూ నవ్వడం వల్ల ఆ సంగతి గమనించలేదు.

ఇంతా చేస్తే సంపాదించింది ఏమిటంటే పేరు. ఆరువందల పన్నెండు మంది ఆమె పని బాగుందని రాశారు. "ఈవిడకు ఇచ్చి నిశ్చింతగా ఉండొచ్చు" అని ఒకరు, "మా నాన్న చేతిరాత మేమే చదవలేకపోయాం, ఈవిడ చదివింది" అని ఇంకొకరు. మనసు బాగోలేనప్పుడు ఆమె అవి తీసి చదువుకునేది.

గడియారాల పెద్దాయన వచ్చింది ఆ మాటలు చూసే. గోడ గడియారాలు బాగుచేసే పని యాభై ఏళ్ళు చేశాడట. తెలిసిందంతా ఒక పుస్తకంగా రావాలని నలభై పేజీల నోటుబుక్కులు తొమ్మిది నింపాడు. ఆ రాత చీమలు సిరాలో కాళ్ళు ముంచుకుని పాకినట్టుండేది. ముగ్గురు టైపిస్టులు తీసుకుని తిరగ్గొట్టారు. టైపక్క మొదటి నోటుబుక్కు సగానికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎక్కడ వణుకుతుందో, ఎక్కడ తొందరపడుతుందో పట్టేసింది.

అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా మెసేజు పెట్టి విసిగించడం ఆమె పద్ధతి కాదు. వారమంతా పోగుచేసి శనివారం ఒక జాబితా పంపేది. ఫలానా పేజీ, ఫలానా వరస, ఇది లోలకమా, లోపలి కమానా అని. ఆయన ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు రాసేవాడు. ఆ జవాబుల చివర అడక్కుండానే ఒకటో రెండో మాటలు చేరేవి. ఈ వారం అనుమానాలు తగ్గాయమ్మా, మీరు నా రాతకు అలవాటు పడ్డారా, నేనే బాగుపడ్డానా అని ఒకసారి. కమాను ఎక్కువ బిగిస్తే తెగుతుందని యాభై ఏళ్ళు అందరికీ చెప్పాను, ఇంట్లో మాత్రం పాటించలేదని ఇంకోసారి. ఆయనది ఏ ఊరో, పేరేమిటో టైపక్కకు తెలియదు. సైటులో ఆయన పేరు "లోలకం", ఆ పక్కన రెండు అంకెలు, అంతే. అయినా ఆమె శనివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

ఆరు నోటుబుక్కులు పూర్తయ్యాయి. ఏడోది నడుస్తుండగా ఆయన దగ్గర నుంచి ఒక మెసేజు వచ్చింది.

"కళ్ళకు ఆపరేషనమ్మా. ఆ తర్వాత రెండు మూడు నెలలు తెర చూడకూడదన్నారు. చదివిపెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్‌లో అయితే మీ అనుమానాలకు జవాబు చెప్పగలను. నంబరు ఇవ్వడానికి వీలవుతుందా?"

కొనేవాడు నంబరు అడిగితే సైటు ఒక చిన్న హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. శిక్ష మాత్రం నంబరు ఇచ్చినవాళ్ళకే. అడిగినవాడు దొర, ఇచ్చినది దొంగ. ఇలాంటివాళ్ళకు పంపడానికి టైపక్క దగ్గర ఒక తయారు వాక్యం ఉంది, సైటు నియమాలు ఒప్పుకోవు, క్షమించండి అని. వందసార్లు పంపి ఉంటుంది. ఆ రోజు పంపలేకపోయింది. పుస్తకం ఆగిపోతుందన్న బెంగ ఒక వంతు. ఆ గొంతు ఒక్కసారి వినాలన్న ఆశ మూడు వంతులు.

అమ్మకందార్లు తమలో తాము చెప్పుకునే కిటుకులు కొన్ని ఉన్నాయి. అంకెలను అక్షరాల్లో రాసేవాళ్ళుంటారు, బొమ్మలో దాచేవాళ్ళుంటారు. టైపక్క తన పద్ధతిలోనే ఒకటి కనిపెట్టి, తన తెలివికి తనే మురిసిపోయింది. శనివారం జాబితాలో ఫోన్ నంబరును రెండేసి అంకెలుగా విడగొట్టి పేజీ నంబర్లుగా రాసింది. ఏడో నోటుబుక్కు, అనుమానం ఉన్న పేజీలు: తొంభైమూడు, ఎనభైఒకటి, ఇలా ఐదు. నోటుబుక్కుకు నలభై పేజీలే ఉన్నాయని రాసిన మనిషికి తెలియదా? పళ్ళచక్రాల లెక్కలు వేసేవాడు ఐదు జతల అంకెలు కలుపుకోలేడా? ఇలా అనుకుంది. ఎదురుగా ఉండి ఉంటే ఒక్కసారి కనుబొమ్మ ఎగరేస్తే సరిపోయేది. మెసేజ్ పెట్టెకు కనుబొమ్మలుండవు.

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఏడో నోటుబుక్కులో నలభై పేజీలే ఉన్నాయి కదమ్మా, వేరేవాళ్ళ పని ఇందులో కలిసిందేమో చూసుకోండి అని.

ఆమె తల కొట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే జాగ్రత్త జారిపోయింది. "అవి పేజీలు కావండీ. వరసగా కలిపి ఫోన్ చెయ్యండి" అని కొట్టి పంపేసింది. తెరమీద గుండ్రటి గుర్తు ఒకటి తిరిగి తిరిగి ఆగింది. ఆ తర్వాత ఎర్రటి వాక్యం ఒకటి వచ్చింది. నియమాలు ఉల్లంఘించినందుకు మీ దుకాణం శాశ్వతంగా మూసివేయబడింది.

ఆమె సైటువాళ్ళకు పదకొండు ఉత్తరాలు రాసింది. ఊరందరి అర్జీలూ కొట్టిన చెయ్యి, తన అర్జీ కూడా చక్కగానే కొట్టింది. మొదటి నాలుగింటికీ ఒకటే జవాబు, మీ ఓపికకు ధన్యవాదాలు, మీ ఇబ్బంది మాకు అర్థమైంది అని. చదివింది మనిషో యంత్రమో తెలియదు. ఐదోదానికి, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని అడిగారు. మిగతా ఆరూ చెవిటివాడి ముందు శంఖమే అయ్యాయి. ఆరువందల పన్నెండు మంది మెచ్చుకోళ్ళు దుకాణంతో పాటే పోయాయి. ఒక్కటైనా రాసిపెట్టుకోవాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

భర్త ఆ రోజు డిపో నుంచి వచ్చి, చేతులు కడుక్కోకుండానే పక్కన కూర్చున్నాడు.

"వరండావాళ్ళు కూడా నిన్ను పొమ్మన్నారు. కానీ నీ పేరు లాక్కోలేదు. దారిలో కనిపిస్తే జనం టైపక్కా అని పిలిచారు. వీళ్ళు పేరు కూడా ఉంచుకున్నారు."

అంత నిజం ఆయన నోటివెంట వినేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఒకసారి మూయించుకున్నవాళ్ళు మళ్ళీ తెరవకూడదు. తెరిచినట్టు తెలిస్తే రెండోదీ మూత. అందుకని చెల్లెలి పేరు, చెల్లెలి ఫొటో, చెల్లెలి ఇంట్లో కంప్యూటరు. పొద్దున్నే రెండు వీధులు నడిచి వెళ్ళి, చెల్లెలి వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న ఇరుకు బల్ల దగ్గర కూర్చునేది. ఇరవై ఏళ్ళ అనుభవంతో, ఒక్క మెచ్చుకోలూ లేని కొత్త దుకాణం. కొత్తవాళ్ళు కదా, ముందు ఊరికే చేసి చూపించండి అని నిన్నగాక మొన్న వచ్చిన కుర్రకుంకలు అడుగుతుంటే, అలాగే సార్ అంటూ నాలుగు నెలలు గడిపింది.

ఐదో నెలలో ఆ ప్రకటన కనిపించింది. చేతిరాత నోటుబుక్కులు టైపు చెయ్యాలి, గోడ గడియారాలకు సంబంధించినవి. పక్కన "లోలకం". ఆయన కళ్ళు బాగయ్యాయి. టైపక్క కుర్చీలోంచి లేచి నిలబడి, వంటింట్లో ఉన్న చెల్లెల్ని కేకేసింది.

పని నాకు ఇవ్వండి అని రెండు వాక్యాలు రాసింది. ఆయన పరీక్షగా ఎనిమిదో నోటుబుక్కులోంచి ఒక పేజీ పంపాడు. పది నిమిషాల పని. కొత్త మనిషికి అంత తొందరగా అంతుచిక్కితే అనుమానం వస్తుందని రెండు గంటలు ఆగింది. రెండు చోట్ల కావాలనే తప్పులు పెట్టింది. వేళ్ళు ఆ తప్పులు కొట్టడానికి ఎదురు తిరిగాయి.

ఆయన జవాబు పొడుగ్గా వచ్చింది.

"రెండు తప్పులున్నాయి, పరవాలేదు. ముందామె ఒక్క తప్పు చేసేది కాదు, అందుకే నమ్మాను. చివరికి నా నోటుబుక్కులో లేని పేజీల్లో అనుమానాలున్నాయని జాబితా పంపింది. చదవకుండానే చదివినట్టు నటిస్తోందని అప్పుడు తెలిసింది. అడిగేసరికి దుకాణం ఎత్తేసి పోయింది. నాకు కళ్ళు కనిపించని సమయం చూసి చేసింది. మీరూ అలా చేసే మనిషైతే ఇప్పుడే చెప్పండి."

టైపక్క రెండోసారి చదివాక గానీ విషయం బుర్రకెక్కలేదు. ఆ చివరి మెసేజు ఆయనకు చేరనే లేదు. సైటు దాన్ని దారిలోనే మింగేసింది. ఆయనకు అందింది లేని పేజీల జాబితా ఒక్కటే. ఐదు నెలలుగా ఆ మనిషి తనను దొంగ అనుకుంటున్నాడు, కళ్ళకు కట్టు కట్టుకుని చీకట్లో కూర్చుని మరీ అనుకుంటున్నాడు.

చెల్లెలు భుజం మీదుగా అంతా చదివింది.

"చెప్పెయ్యక్కా. ఏమైతే అదయింది. నా పేరుతో ఉన్నది పోతే పోనీ."

"చెప్తే ఆ మెసేజు మాత్రం ఆయనకు చేరుతుందటే?"

తెర మూల గంట లెక్క నడుస్తోంది, ఆలస్యమైతే కొత్త దుకాణానికి ఉన్న ఆ ఒక్క ఆకుపచ్చ గుర్తూ పోతుంది. టైపక్క నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపింది. ముందామె అలాంటి మనిషి కాకపోవచ్చు, ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందేమో అని ఒకసారి రాసింది. ముక్కూమొహం తెలియనిదాన్ని వెనకేసుకొస్తున్నావెందుకని అడుగుతాడని అదీ చెరిపింది. చివరికి పంపింది ఇది.

"అలాంటివాళ్ళ వల్లే మాకూ చెడ్డపేరండీ. నేను అలా చెయ్యను."

ఆయన మెత్తబడ్డాడు. పని ఆమెకే ఇచ్చాడు. ఇంకో మాట కూడా రాశాడు. "ఆమె కొట్టిన ఆరు నోటుబుక్కులనూ నేను నమ్మను, తీసి పారేశాను. ఒకటో నోటుబుక్కు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. అర్థంకానివి ఎన్ని ఉన్నా అడగండి, మొహమాటపడకండి."

తప్పకుండా సార్ అని కొట్టింది టైపక్క. ఒకటో నోటుబుక్కు మొదటి పేజీ తెరిచింది. అందులో ఆమెకు తెలియని అక్షరం ఒక్కటి లేదు. కానీ కొత్త మనిషికి ఈ రాతలో అనుమానాలు లేవంటే ఆయన నమ్మడు. శనివారానికి కనీసం పదైనా ఉండాలి. అందుకని బాగా తెలిసిన మాటల పక్కనే ఒక్కొక్క ప్రశ్న గుర్తు పెట్టుకుంటూ, చదవలేనట్టు నటించడం మొదలుపెట్టింది.