అడుగున బొత్తాం ఏదీ?

తైవాన్‌లోని జియాయీ ఊళ్ళో బస్సు డ్రైవరుగా రిటైరైన తియెన్‌ఫూ బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. తొమ్మిదేళ్ళ నాటి ఫోన్‌ని వదలడు. దాని వీపు ఉబ్బితే రబ్బరు బ్యాండు వేశాడు. వేడెక్కితే ఫ్యాను కింద పడుకోబెట్టి పక్కనే కూర్చున్నాడు. తనకు జ్వరమొచ్చినప్పుడు ఇంత సేవ జరగలేదని పిన్ని గొణిగేది.

పొద్దున లేవగానే నిన్నటి పూలన్నీ చెరిపేస్తాడు. ఆ ఊళ్ళో అరవై దాటినవాళ్ళంతా తెల్లవారగానే తామరపువ్వు బొమ్మ మీద 'శుభోదయం' అని రాసి అందరికీ పంపుతారు. నిన్నటివి పోతేగానీ ఇవాళ్టివాటికి ఆ ఫోన్లో చోటుండదు.

ఒకనాడు తెర మీద నోటీసొచ్చింది. వచ్చే నెల ఒకటి నుంచి ఈ ఫోన్లో సందేశాలు ఆగిపోతాయట. ఫోన్ల దుకాణంలో పనిచేసే అన్న కూతురు యీజెన్ మూడు కొత్త ఫోన్లు పట్టుకొచ్చింది.

"అడుగున బొత్తాం ఏదమ్మా?"

"ఇప్పుడు బొత్తాలు ఉండవు బాబాయ్. వేలితో పైకి తోస్తే చాలు."

"బొత్తాం లేని ఫోను, బ్రేకు లేని బస్సు."

రెండోదానికీ బ్రేకు లేదన్నాడు. మూడోదాన్ని ముట్టుకోలేదు.

"సరే, ఒకటో తారీఖు నుంచి నీకు పూలు రావు."

"అదే నా భయం," అన్నాడు నవ్వకుండా.

మర్నాడు పొద్దున్నే ఫలహారశాలలో యీజెన్ ఆయన ఎదురుగా కూర్చుంది. సోయాపాలు చల్లారుతున్నా బాబాయి గిన్నె ఎత్తలేదు. ఆరూ పదికి ఫోన్ మోగింది.

"ఫూ, తెర నల్లబడిందిరా."

"కంగారుపడకు ల్వాన్ అక్కా. అడుగున వేలికి గుండ్రంగా తగులుతుందే, అది నొక్కు. వచ్చిందా? ఇప్పుడు ఎడమపక్క పచ్చది."

చెబుతున్నవన్నీ తన ఫోన్ మీదా నొక్కుతున్నాడు. కాసేపటికి తామరపువ్వు వచ్చింది. అప్పుడు గిన్నె ఎత్తాడు.

ఆయన కొత్త డ్రైవరుగా ఉన్నప్పుడు ల్వాన్ ఆ బస్సు కండక్టరు. ఆమె ఈల ఊదితేనే బండి కదిలేది. ఇప్పుడు నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది. చూపు మసక.

"ఆరున్నరకల్లా పువ్వు రాకపోతే మెట్లెక్కుతాను," అన్నాడు బాబాయి. "రెండుసార్లు ఎక్కా. ఒకసారి నిద్రపోతోంది, తిట్టింది. ఒకసారి స్నానాలగదిలో జారిపడి ఉంది. ఇద్దరిదీ ఒకే రకం ఫోను కాకపోతే ఆ వేలిని ఎక్కడికని నడిపించనే?"

యీజెన్ సాయంత్రం ఒకే రకం ఫోన్లు రెండు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఒకటో తారీఖు వచ్చింది. ఆరూ పది దాటింది, ఆరూ ఇరవై దాటింది. సోయాపాల మీద మీగడ కట్టింది. బాబాయి స్కూటరు తాళం తీసుకుని లేచాడు. అప్పుడు కొత్త ఫోన్ కూసింది. పువ్వు కాదు. ఇంటి పైకప్పు, మూలన సగం బొటనవేలు. వెనకాలే ల్వాన్ గొంతు: "పువ్వు ఎక్కడ దాక్కుందో దొరకలేదురా. ప్రస్తుతానికి పైకప్పుతో సరిపెట్టుకో."

బాబాయి కూర్చుని గిన్నె ఎత్తాడు. ఎదురుగా కూర్చున్న యీజెన్ ఆయన ఫోన్ చూసింది. అడుగు అంచున ఒక తెల్లటి చొక్కా బొత్తాం అతికించి ఉంది.

"అక్క ఫోనుకీ ఒకటి పెట్టా. వేలు దాని మీద ఆనించి పైకి తోస్తుంది. బ్రేకు లేని బండిని ఆమె చేతికెలా ఇస్తాను?"

యీజెన్ చూపు కిందికి జారింది. ఆయన చొక్కాకి పొట్ట దగ్గర రెండు బొత్తాలు లేవు.

"పిన్ని చూసిందా?"

"ఇంకా లేదు," అని బాబాయి గిన్నెని అడ్డం పెట్టుకున్నాడు.