రాణి పొట్ట, నా డిగ్రీ

నా జువాలజీ డిగ్రీ పరువును ఒక కోతి ఊరందరి ముందు ఎలా తీసిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ మెల్లగా. మా పాప ఇప్పుడే పడుకుంది.

గూడూరు దగ్గర మా ఊళ్ళో కోతులు మా వంటిళ్ళలో కాపురం పెట్టిన రోజులవి. విసిగిపోయిన సుబ్బారావు బాబాయి, చేలో చల్లే విషపు గుళికలు అరటిపండ్లలో పెడతానన్నాడు. నేను అడ్డుపడి పశువైద్యుల బృందాన్ని రప్పించాను. ఆడకోతికి వాళ్ళ టీకా వేస్తే ఆపరేషన్ అక్కర్లేదు, ఒంట్లోని రోగనిరోధక శక్తే గర్భం రానివ్వదు.

"ఏడాది చూస్తా. టీకా వేసినదాని చంకలో పిల్ల కనిపించిందా, గుళికలే!" అన్నాడు బాబాయి.

"కడుపుతో ఉన్నవాటిని వదిలేద్దామండీ. టీకా వేసినా ఆ కానుపు ఆగదు. రోజూ చూసేది మీరే, అవేవో చెప్పండి," అన్నారు డాక్టరు గారు నాతో.

బోనులో చెవి తెగిన ఆడకోతి, మా రాణి. పొట్ట నీళ్ళ బిందెలా ఉంది. డాక్టరు గారు తడిమి చూడబోతే, గ్లవుజు లాక్కుని నెత్తిన పెట్టుకుంది.

"కొవ్వు సార్! ఆర్నెల్లుగా మా ఇంటి ఇడ్లీలన్నీ దీనికే," అన్నాను.

"అమ్మాయ్, అది కడుపుతో ఉంది. ఆ కూర్చోవడం చూడు," అంది మా అత్తయ్య.

"నేను చదివింది జువాలజీ అత్తయ్యా."

"నేను కన్నది నలుగుర్ని."

వినలేదు. టీకా వేయించి, గుర్తుకి వీపున నీలం రంగు పూయించి, ఇక రాణికి పిల్లలు పుట్టరని ఊరంతా చాటాను.

మూడు వారాలకు మా ప్రహరీ మీదే రాణి. వీపున నీలం, గుండెకు అతుక్కుని పిల్ల.

"ఏమ్మా, నీ టీకా పిల్లలు పుట్టడానికా?" గుళికల ప్యాకెట్టుతో వచ్చాడు బాబాయి.

నేను గోడకు అడ్డం నిలబడ్డాను. "టీకాది కాదు బాబాయ్, తప్పు నాది. అది అప్పటికే కడుపుతో ఉంది. అత్తయ్య చెప్పినా వినలేదు."

అత్తయ్య ముందుకొచ్చింది. "బాలింతకి విషం పెడతావట్రా సుబ్బారావూ?"

బాబాయి తల దించుకుని ప్యాకెట్టు జేబులో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నేను గోడ పట్టుకుని భళ్ళున వాంతి చేసుకున్నాను.

"గ్యాసు అత్తయ్యా. వారం నుంచీ ఇంతే."

"అదీ కొవ్వేనా అమ్మాయ్?"

రెండేళ్ళయింది. రాణి మళ్ళీ కనలేదు. బాబాయి ఆ ప్యాకెట్టు విప్పలేదు. ఈ రెండు మాటలూ నేను ఛాతీ విరుచుకునే చెబుతాను. రాణి కూతురూ, అత్తయ్య కనిపెట్టిన నా కూతురూ ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒకే ఇడ్లీ కోసం కొట్టుకుంటున్నారు.

అందుచేత నా డిగ్రీ పట్టా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: కోతిదైనా, నాదైనా, అత్తయ్య సంతకం లేనిదే ఇకమీదట ఏ పొట్టనూ కొవ్వనీ, గ్యాసనీ ప్రకటించను.