తీగకూ కర్ర కొసకూ మధ్య

బోరబండలో మేం అద్దెకుంటున్న ఇంటి ముందునుంచి హైటెన్షన్ తీగలు పోతాయి. డాబా పిట్టగోడకు తొమ్మిదడుగుల దూరం, తల ఎత్తుకు కాస్త పైన. ఇల్లు చూడటానికి వచ్చిన రోజే కంటితో అంచనా వేసుకున్నాను. చేతికి అందవు కదా, ఫరవాలేదనుకున్నాను.

ఆ చలికాలం నేను గాలపు కర్ర తయారు చేసుకుంటున్నాను. అప్పుడప్పుడూ బాపట్ల వైపు సముద్రానికి వెళ్తుంటాను. ఒడ్డున నిలబడి అలల అవతలికి సీసం గుండు విసరాలంటే పొడవాటి కర్ర ఉండాలి. దుకాణాల్లో దొరికేవి నా భుజానికి కుదరలేదు. అందుకని గాలం దారం దూరే రింగులూ పిడీ ఏమీ లేని ఉత్త కార్బన్ గొట్టం తెప్పించాను. రెండు ముక్కలు. ఒకదానిలో ఒకటి దూరిస్తే పన్నెండడుగులు.

నేను లెక్కలు కాలేజీలో చదవలేదు. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు క్యాబులకు రూట్లు వేస్తూ నేర్చుకున్నవే. పిడి వైపును బల్లకు బిగించి, కొసకు అరలీటరు నీళ్ళసీసా కట్టి ఎంత వంగుతుందో కొలిచాను. ఏమీ కట్టకుండా అడ్డంగా పట్టుకున్నా కొస ఎనిమిది అంగుళాలు దిగుతుంది. మణికట్టు కాస్త కదిలితే అడుగున్నర ఊగుతుంది. ఆ వంపును బట్టి రింగులు ఎక్కడెక్కడ రావాలో గుర్తులు పెట్టి, రింగులను దారంతో చుట్టి, దారం మీద జిగురు పూశాను. జిగురు ఒకవైపుకు కారకుండా పాత మైక్రోవేవ్‌లో పళ్ళెం తిప్పే మోటారు తగిలించి, ఆరేదాకా తిప్పాను. పిడి వచ్చే చోటా కొస దగ్గరా పైపూత గీకినప్పుడు కరెంటు పరీక్షించే మీటరు ఆనించి చూస్తే కూత పెట్టింది. కార్బన్‌లో కరెంటు పారుతుందని చదివింది నిజమే. ఉరుములప్పుడు ఒడ్డున నిలబడకూడదు అని మాత్రం అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం గరుకు కాగితం కొనుక్కుని వస్తూ సందు మలుపులో తల ఎత్తాను. మా డాబా మీదనుంచి నా కర్ర తీగల వైపు చాచి ఉంది.

పట్టుకున్నది డాబా మీది గదిలో ఉండే అమ్మాయి. ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆరేసుకున్న యూనిఫాం కోటు గాలికి ఎగిరి తీగకు చిక్కుకుంది. పక్కనే నా భార్య నిలబడి, “ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం” అంటోంది. కర్ర కొస కోటు కింద ఊగుతోంది. తీగకూ దానికీ మధ్య మూరెడు ఉందేమో.

నోరు తెరిచాను, కేక వేయలేదు. కింద నుంచి పిలిస్తే మనిషి గోడ మీదకి వంగి చూస్తుంది. చేతిలో కర్ర కూడా ముందుకు వస్తుంది. ఉలిక్కిపడి వదిలేసినా అది తీగ మీదే పడుతుంది. ఆ కొస ఎంత ఊగుతుందో కొలిచినవాణ్ణి నేనే. మూరెడంటే అడుగున్నర.

మెట్ల మీద చెప్పులు వదిలేశాను. మెట్లదారిలో డాబా కనపడదు. ప్రతి మలుపులో చెవులు రిక్కించాను. ఎక్కడో కుక్కర్ కూసింది. తీగ చప్పుడేమోనని గోడ పట్టుకుని ఆగాను. పైన మాటలు వినపడేవరకూ అడుగు పడలేదు.

“అందుతలేదక్కా. గోడెక్కాల్నా?”

“వద్దే, అక్కడినుంచే చూడు.”

పైకి చేరేసరికి ఆ అమ్మాయి వీపు నా వైపు ఉంది. రెండు చేతులూ నేను పైపూత గీకిన చోటే ఉన్నాయి. ఉలిక్కిపడకుండా మెల్లగా, “అమ్మా, ఆ జిగురు ఇంకా ఆరలేదు. చీరకంటితే మరక వదలదు. పైకెత్తకుండా అట్లాగే తిన్నగా వెనక్కి లాక్కో” అన్నాను.

జిగురు ఆరిపోయి చాలా రోజులైంది.

“అయ్యో, పట్టుచీర కాదులే అన్నా” అని నవ్వుతూనే లాగింది. కర్ర మొత్తం గోడ ఇవతలికి వచ్చాక ఆమె చేతిలోంచి తీసుకుని నేల మీద పెట్టాను. నేనూ పక్కనే కూలబడ్డాను.

“కర్ర ముట్టుకుంటెనే గిన్ని చెమటలా? అరిగిపోతదా ఏంది?” అంది.

“ఆయనకి నా మీద కంటే దాని మీదే ప్రేమ” అంది నా భార్య. “ఏవండీ, ప్లాస్టిక్ పైపే కదా, ఏమవుతుంది? పాపం సాయంత్రం షిఫ్టు, కోటు లేకపోతే లోపలికి రానివ్వరట.”

కిందికి వెళ్ళి మీటరు తెచ్చాను. మాటలతో చెప్పే ఓపిక లేదు. ఒక వైరు కర్ర కొసకు, ఇంకోటి ఆ అమ్మాయి పట్టుకున్న చోటుకు ఆనించాను. కూత పెట్టింది. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ కూసింది.

“ఆ తీగలో ఉన్నది పదకొండు వేల వోల్టులు. ఈ కర్రా తీగలాంటిదే” అన్నాను. “కోటు సంగతి లైన్‌మన్‌కి ఫోన్ చేస్తాను. మీ సూపర్‌వైజర్‌తో నేను మాట్లాడతాను.”

ఆమె అరచేతులు రెండూ తిప్పి చూసుకుని, చీరకు తుడుచుకుంది. తర్వాత నా భార్య వైపు తిరిగింది.

“అక్కా, నాకన్న ముందుగాల నువ్వే గద రెండుసార్లు చూసినవ్. అందుతలేదని నాకిచ్చినవ్.”

“నేను పొట్టిదాన్ని కదే” అంది నా భార్య. ఆమె గొంతులో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

ఎక్కడ నిలబడ్డావని నా భార్యను అడిగాను. గోడ పక్కన ఉన్న ఇటుక చూపించింది. చెబితే నాకు అర్థం కాదనుకుందో ఏమో, దాని మీదకి ఎక్కి మునివేళ్ళ మీద లేచి, వట్టి చేతులు రెండూ తీగ వైపు చాచింది.

“దిగు” అన్నాను.

“చేతిలో ఏమీ లేదుగా.”

“ముందు దిగు.”