విప్పి చూడని బిగింపు

మొన్న మా చోడవరంలో, మేముండే వీధి చివర ఇంటర్నెట్ వాళ్ళు ఒక ఇనుప స్తంభం నిలబెట్టి, దానికి నాలుగు వైపులా వైర్లు లాగి కడుతుంటే, కూరగాయలకని బయల్దేరినదాన్ని సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పనివాడు వైరు చివర బిగించి, చేత్తో ఒకసారి లాగి చూసి, నిచ్చెన దిగిపోయాడు. లోపల వైరు ఎలా కూర్చుందో చూడవా బాబూ అని అడగబోయి మానుకున్నాను. బ్లౌజులు కుట్టుకునే ముసలమ్మకి ఈ సంగతులెలా తెలుసునని అతను అడిగితే, చెప్పవలసింది చాలా ఉంది.

పెళ్ళయిన తరవాత చాలా ఏళ్ళు మేము విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరగా ఒక అద్దె గదిలో ఉండేవాళ్ళం. మా ఆయన తెరచాప పడవలు బాగుచేసే షెడ్డులో పని చేసేవారు. తెరచాపని మోసే నిలువు స్తంభాన్ని మాస్టు అంటారు. అది ఒరిగిపోకుండా ముందూ వెనకా పక్కలా స్టీలు వైర్లు పట్టి ఉంచుతాయి. ఆ వైర్ల చివర్లకి టెర్మినళ్ళు, అంటే పడవకీ మాస్టుకీ తగిలించే బిగింపులు, అమర్చడం ఆయన పని. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, రెండు స్పానర్లూ కాస్త ఓపికా ఉంటే చాలు. వైరులో పందొమ్మిది పోగులుంటాయి. పైనున్న పన్నెండింటినీ గొడుగు ఊచల్లా విప్పి, లోపలి ఏడింటి మీద చిన్న కోను తొడిగి, ఆ పన్నెండింటినీ మళ్ళీ కోను చుట్టూ సమానంగా సర్ది, పైన మూత బిగించాలి. కోనుకి ఒక పక్క సన్నటి చీలిక ఉంటుంది. పోగు అందులోకి జారితే పట్టు పోతుంది. అందుకే ఒకసారి బిగించాక మళ్ళీ విప్పి చూసి, అన్నీ సరిగ్గా ఉంటేనే ఆఖరుసారి బిగించేవారు. పైనుంచి చూస్తే మంచిదీ చెడ్డదీ ఒకేలా కనబడతాయి.

నలభై నిండకుండానే ఆయన చేతులు వణకడం మొదలైంది. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు వేసుకున్న కాసేపు బాగుండి, మళ్ళీ మామూలే అయ్యేది. షెడ్డులో తెలిస్తే పని పోతుందని, వైరు చుట్టలు ఇంటికి తెచ్చుకునేవారు. మొదట్లో నేను వైరు కదలకుండా పట్టుకునేదాన్ని. తరవాత పోగులు సర్దేదాన్ని. ఏడాది తిరిగేసరికి మొత్తం పని నా చేతుల్లోకి వచ్చేసింది. ఆయన పక్కన కూర్చుని చెబుతూ ఉండేవారు. ఆ పనిలో నాకు సంతోషం కలిగేదని ఒప్పుకోవాలి. నా సంతోషం చూసి ఆయన మొహం ఎందుకు చిన్నబోయేదో అప్పట్లో ఆలోచించలేదు.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి తిరిగి వచ్చేసరికి, ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఒక వైరు, దాని చివర బిగించిన టెర్మినల్. చొక్కా అంతా చెమట.

"ఇదొక్కటీ నేనే సేసేను," అన్నారు.

"విప్పి సూసేరేటండీ?"

"సూసేను. బాగుంది."

చూడలేదని నాకు తెలిసిపోయింది. మొదటి బిగింపులో మూత అంచున వేసే జిగురు, విప్పితే పగలాల్సింది, చెక్కుచెదరకుండా ఆరిపోయి ఉంది. స్పానరు చేతిలోకి తీసుకున్నాను. ఆయన మొహంలో ఎన్నాళ్ళకో కనబడిన ఆ వెలుగు చూసి, మళ్ళీ కింద పెట్టేసి, అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళిపోయాను.

మరో పది రోజులకి, ఆ వైరు కట్టిన పడవని సముద్రం మీద నడిపి చూస్తుండగా పక్కనున్న ఆ వైరే ఊడి మాస్టు పడిపోయింది. పడవ నడుపుతున్నాయన భుజం నుజ్జయింది. ఆయన మళ్ళీ ఆ చెయ్యి పైకి ఎత్తలేకపోయాడని తరవాత విన్నాం. షెడ్డు యజమాని కబురు పెడితే ఇద్దరం వెళ్ళాం. బల్ల మీద ఆ టెర్మినల్ విప్పి ఉంది. రెండు పోగులు చీలికలో పడి నలిగిపోయి ఉన్నాయి.

"ఎవరు చేశారిది?" అని అడిగారు యజమాని.

మా ఆయన నోరు తెరిచారు. ఆ మాట బయటికి రాకముందే నేను, "నేనే సేసేనండీ, ఆయనకి తెలీకుండా," అన్నాను.

ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. తెలీకుండా ఎలా జరుగుతుంది, ఇంటిదాని చేత చేయించి ఉంటాడని యజమాని ఆయన్ని ఆ పూటే మానిపించేశారు. సామాను సర్దుకుని చోడవరం వచ్చేశాం. నేను కుట్టుమిషను పెట్టుకున్నాను. ఆయన కొన్నాళ్ళు గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తెచ్చే బళ్ళకి చీటీలు రాశారు. అక్షరాలు అలుక్కుపోతుంటే అదీ మానేశారు. వైర్ల మాట ఇంట్లో ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. చొక్కా గుండీలు మాత్రం నన్ను పెట్టనిచ్చేవారు కాదు. అరగంట పట్టినా గోడవైపు తిరిగి తనే పెట్టుకునేవారు.

పోయే ముందు వేసవిలో, ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే ఆయన ఉన్నట్టుండి అన్నారు. "ఆ వైరు నాదేనని నన్ను సెప్పనిచ్చుంటే బాగుండునే. ఆ భుజం పోయినాయన దగ్గరికెళ్ళి తప్పయిపోయిందందునేమో. నీదని సెప్పీసేక నాకింకేటి మిగిలింది?"

నేను గంజి గిన్నె కింద పెట్టి, "ఆ ఆదివారం విప్పి సూద్దామనుకున్నానండీ," అన్నాను.

"తెలుసు," అన్నారు. "స్పానరు తీసేవు, మళ్ళీ కింద పెట్టీసేవు. సూసేను. ఆయేళ నాకు బాగానే ఉండింది."

ఆ తరవాత ఆయన ఎక్కువ రోజులు లేరు. నా మీద కోపంతో వెళ్ళారో, క్షమించి వెళ్ళారో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు అలాంటి పడవల వైర్ల చివర్లని చాలాచోట్ల మిషను ఒక్క దెబ్బకి నొక్కేస్తుందట. విప్పడానికీ, చూడడానికీ వీలుండదట. తప్పు జరిగితే మిషనుదంటారు, ఇంకోటి నొక్కుతారు. అది ఏ చెయ్యి చేసిందని అడిగేవారుండరు, నాదని ఒప్పుకోవలసినవారూ ఉండరు. మా కాలంలో ఒక పని చెడితే దాని వెనక ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషిని అక్కడ నిలబడనివ్వకుండా నేను అడ్డం వచ్చాను. ప్రేమ అనుకునే చేశాను. ఇప్పటికీ దానికి వేరే పేరు నాకు తట్టడం లేదు.