యాప్ దాసిపెట్టిన సీటు

సూర్యాపేట బస్టాండ్ కాడ నాది ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే షాపు. మెయిల్ ఐడీ లేనోళ్లకు నా ఐడీయే పెడ్త. రోజంత ఫోన్ మోగుతనే ఉంటదని పోయిన వారం కొత్త మెయిల్ యాప్ ఏసుకున్న. అది ముఖ్యమైనయే సూపిస్తది, మిగతయి సప్పుడు లేకుండ పక్కన పెడ్తది. మస్తు హాయిగుండె.

ఇయ్యాల నాలుగింటికి గొర్లు కాసే మల్లయ్య మామ బిడ్డ రేణుక వచ్చింది. "అన్నా, నా నర్సింగ్ సీటు సంగతి ఏమన్న వచ్చిందా?"

"ఏం రాలె చెల్లె, సూడు" అని ఫోన్ సూపించిన.

"మరి గీ 'మిగతావి' అంటే ఏందన్నా?"

ఒత్తి సూస్తే ఆమె మెయిల్ ఆడనే ఉంది. సీటొచ్చింది. ఇయ్యాల ఐదింటి లోపల సీటు ఒప్పుకోకుంటే ఖతం! తొందర్ల సీట్ల సైటు పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టిన.

"నేనే ఏడుస్తలేను, నువ్వెందుకు ఆగమైతున్నవ్? జర నిమ్మలంగ కొట్టన్నా" అన్నది.

ఐదుకు పది నిమిషాల ముందు అయిపోయింది. ఆమె నవ్వుకుంట పోయింది. నేను మాత్రం ఆ మిగతయి తెరవలేక కూసున్న. ఎవరి తారీఖు దాటిపోయిందో ఏమో. ఈ వారంల నా కాడ మెయిల్ కోసం ఎదురుసూస్తున్నోళ్లు ముందుగాల ఫోన్ జేయుండ్రి, తర్వాత తిట్టుండ్రి.