కుండల్లో స్పీకర్లు

మా అక్కయ్యకు పాటలంటే ప్రాణం. బావగారు పోయాక రాయవరం నుంచి మా ఇంటికి వచ్చేసింది. అప్పటికే ఆవిడకు ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోదీ నెమ్మదిగా పోతుందని, ఇయర్‌ఫోన్ల జోలికి మాత్రం వెళ్ళొద్దని అమలాపురంలో డాక్టరు చెప్పాడు.

"ఉన్నన్నాళ్ళూ మంచి సౌండుతో పాటలు వినాలనుందిరా తమ్ముడూ" అంది ఇంటికొస్తూనే.

కొత్త సిస్టమ్ కొనే స్తోమత నాకు లేదు. ఉన్నా షాపువాడి మాట నమ్మే రకాన్ని కాను. చిన్న ఆంప్లిఫయర్ బోర్డు, ఆరంగుళాల స్పీకర్లు రెండు తెచ్చాను. చెక్కపెట్టెల బదులు మట్టికుండలు. కుండ మూతికి స్పీకర్ బిగిస్తే బేసు అదిరిపోతుందని మా కాలంలో కుర్రాళ్ళందరికీ తెలుసు. కుండల దుకాణంలో ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంటే దుకాణం పెద్దాయన అడిగేడు.

"నీళ్ళకేనాండీ?"

"పాటలకండీ."

"అయితే పాడించుకునే పట్టుకెళ్ళండి."

మోత గింగురుమనకుండా కుండల్లో కొబ్బరి పీచు కూరాను. అంతా అమరేసరికి బావగారు పోయి మూడో నెల.

"తలుపులేసి సన్నగా పెట్టరా, వింటాను" అంది అక్కయ్య.

సన్నగా పెడితే ఆవిడకు వినపడదు. ఆవిడకు వినపడేలా పెడితే వీధంతా వింటుంది. మొగుడు పోయి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే పాటలా అంటారు. ఆ భయం ఆవిడకు లేదు, నాకే.

"సంవత్సరీకం వెళ్ళనీ అక్కయ్యా."

"ఆఁ, అలాగేలే."

మళ్ళీ అడగలేదు. గట్టిగా అడిగితే పెట్టేవాణ్ణేమో అని ఇప్పుడు అనుకుంటూ ఉంటాను. అబద్ధం. పెట్టేవాణ్ణి కాదు. ఆ నెలలన్నీ కుండలకు రంగులేస్తూ, వైర్లు మారుస్తూ గడిపాను. ఆవిడతో మాట్లాడేటప్పుడు నా గొంతు పెరుగుతూ వచ్చింది. ఒకే మాట మూడుసార్లు చెప్పించుకుంటోందని విసుక్కున్నాను కూడా. అది దేనికి సూచనో తెలియనంత అమాయకుణ్ణి కాను. తెలుసుకోవాలనిపించలేదు, అంతే. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సంవత్సరీకమైన మర్నాడు, కాఫీలయ్యాక, రెండు కుండలకూ ఎదురుగా కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాను. ఆవిడకు బాగా ఇష్టమైన పాట పెట్టి, సౌండు చివరికంటా పెంచాను. కిటికీ ఊచలు అదిరాయి. ఎదురింటివాళ్ళు వీధిలోకి వచ్చి చూశారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

పల్లవి అయి, మొదటి చరణం కూడా అయింది. అక్కయ్య పైట సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వుతూ నావైపు చూసింది.

"కూర్చున్నాను కదరా, ఇంక పెట్టు."