గంజిపిండి నాన్‌ఖటాయి

భయపడటానికి ఆ రోజుల్లో మేము పెద్దగా వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. ఎక్కడో లడాయి జరుగుతుంటే ఇక్కడ సిద్దిపేట బజారులో చక్కెర మాయమయ్యేది. పక్క ఊళ్ళో గత్తర (అదే, కలరా) వచ్చిందంటే మా వాడలో తలుపులు మూసుకునేవి. దూరాన సర్కారు జవానుల గుర్రం డెక్కల చప్పుడు వినబడితే చాలు, ఏ తప్పూ చేయనివాడు కూడా ముందుగానే సందులోకి తప్పుకునేవాడు. ఇన్ని ఘనమైన భయాలు చుట్టూ ఉండగా, నేను నా జన్మలో అన్నిటికన్నా ఎక్కువగా భయపడింది నా చేతులతో నేనే చేసిన బిస్కిట్లకు అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. ఆ సాయంత్రం మాత్రం నవ్వలేదు.

మాది నేతపని ఇల్లు. పద్దెనిమిదేళ్ళ వయసులో షోలాపూరు మిల్లుకు పోయి, దగ్గు తప్ప ఏమీ సంపాదించకుండా తిరిగివచ్చాను. (అబద్ధం, ఇంకొకటి కూడా సంపాదించాను. బిస్కిట్ల పిచ్చి.) అక్కడ నేనుండే గది పక్కనే బిస్కిట్లు కాల్చే భట్టీ ఒకటి ఉండేది. తెల్లవారేసరికి నెయ్యి, యాలకుల వాసన కిటికీలోంచి వచ్చి నన్ను లేపేది. భట్టీవాడు పిండి పిసికే తీరు గుమ్మంలో నిలబడి చూసి చూసి నాకూ వచ్చేసిందనుకున్నాను. గట్టు మీద నిలబడి చూస్తే ఈత కూడా వచ్చేస్తుందనుకునే వయసు కదా. ఇంటికి వచ్చాక కాళ్ళు మగ్గం గుంటలో ఉండేవి, మనసు పొయ్యి దగ్గర ఉండేది. గంగాళంలో ఇసుక పోసి, మీద పళ్ళెం పెట్టి, ఇనుప మూతేసి, ఆ మూత మీద నిప్పులు పరిచి పెరట్లో నాదైన భట్టీ ఒకటి కట్టుకున్నాను. జొన్నపిండితో చేస్తే బిస్కిట్లు రాలిపోయాయి. బియ్యప్పిండితో చేస్తే తిన్నవాళ్ళ పళ్ళు రాలేట్టున్నాయి. బాపు మగ్గం మీది నుంచే నిట్టూర్చేవాడు. "మొగపోరడు పొయ్యి ఊదుకుంట కూసుంటె బట్ట ఎవడు నేస్తడే?" అని అవ్వను అడిగేవాడు, నన్ను కన్న నేరం ఆమె ఒక్కదానిదే అయినట్టు.

ఆ యేడు సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ రోజు ఆడవాళ్ళంతా పూల బతుకమ్మలను కోమటి చెరువుకు తీసుకుపోయి, ఆడి పాడి నీళ్ళలో వదిలాక, ఇళ్ళ నుంచి తెచ్చిన సత్తుపిండి, రొట్టెలు బెల్లంతో నలిపి చేసిన మలీద ఒకరికొకరు పంచుకుని తింటారు. ఈసారి వాటితోపాటు నా నాన్‌ఖటాయి బిస్కిట్లు కూడా పోవాలని పట్టుబట్టాను. "గవ్విటిని గౌరమ్మ తింటదా కొడుకా?" అని అవ్వ అనుమానపడింది. "షోలాపూరుల దేవుళ్ళంత తింటరవ్వా" అన్నాను. (ఏ దేవుడినీ నేను అడగలేదు.) నాన్‌ఖటాయికి మైదా కావాలి. మా వాడలో మైదా అంటే తినేది కాదు, పడుగు దారాలకు గంజి పెట్టేది. మగ్గాల అర్రలో డబ్బా నిండా ఉంది. బాపు పండుగ పూట ఊళ్ళోకి పోయాడు. ఇంకేం, నాకు కావలసినంత తీసుకుని, బెల్లం, నెయ్యి, యాలకులు కలిపి కాల్చాను. నైవేద్యాన్ని ముందుగా ఎవరూ ఎంగిలి చేయకూడదు కనుక నేను రుచి కూడా చూడలేదు. అడుగున కొంచెం మాడాయి. ("కొంచెం" అన్నది నా మాట.) అవ్వ వాటిని బట్టలో మూటకట్టుకుని, బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువుకు పోయింది.

పొద్దు వాలుతుండగా బాపు ఇంటికి వచ్చి, దసరా వెళ్ళగానే పడుగుకు గంజి పెట్టాలని డబ్బా మూత తీశాడు.

"పిండి ఎవడు తీసిండ్రా?"

"నేనే బాపూ. బిస్కిట్లకు."

బాపు నిలబడ్డచోటే కూలబడ్డాడు. "అండ్ల మైలుతుత్తం కలిపిన గదరా!"

మైలుతుత్తం విషం. గంజి పట్టిన నూలును బొద్దింకలు కొరకకుండా దాన్ని నూరి పిండిలో కలిపేవాళ్ళు. పోయినేడు మా గంజికుండలో మూతిపెట్టిన మేక సాయంత్రానికి కాళ్ళు చాపడం నేను కళ్ళారా చూశాను. అది నీలంగా ఉంటుంది కదా, పిండిలో నాకు కనబడలేదేమని ఒక్క క్షణం ఆశ పుట్టింది. చీకటి అర్రలో తీసి, బెల్లం కలిపి, బొగ్గులా మాడ్చినవాడికి ఏ రంగు కనబడుతుంది?

ఇక పరుగు. దారిపొడుగునా నా కళ్ళకు వాడలోని ఆడవాళ్ళే కనబడ్డారు. నన్ను ఒళ్ళో ఆడించిన పక్కింటి పెద్దవ్వ, తొలి బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ చంకల్లోని పసిపిల్లలు. ఒక వాడకు వాడనే చంపినవాణ్ణి ఉరి తీస్తారా, అంతకన్నా పెద్ద శిక్ష ఏదైనా ఉందా అని ఆలోచిస్తూ పరుగెత్తాను. భయంతో నిజంగానే ఏడుస్తున్నాను.

నేను చేరేసరికి బతుకమ్మలు నీళ్ళలో తేలుతున్నాయి. "ఇస్తినమ్మ వాయినం", "పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ గట్టంతా ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఒక్కొక్క మాటా నా గుండెలో గుచ్చుకుంది. పెద్దవ్వ ఎదురొచ్చింది, నోరు ఆడిస్తూ.

"ఏందిరా షోలాపూరోడా, ఆడోళ్ళల్ల నీకేం పని?"

"ఏం తింటున్నవ్ పెద్దవ్వా?"

"ఆకలైతుందా? ఇగో!" అని చేతిలోది నా నోట్లో కుక్కింది. ఉమ్మితే పాపం, మింగితే చావు. కళ్ళు మూసుకుని మింగాను. (ఒట్టి సత్తుపిండే.)

అవ్వ అందరికీ ఎడంగా ఒక రాయి మీద కూర్చుని కొంగుతో మూతి తుడుచుకుంటోంది. ఒళ్ళో బట్ట ఖాళీగా ఉంది.

"అవ్వా, బిస్కిట్లేవి? ఎవలకిచ్చినవ్?"

"ఎవలకియ్యలె. నేనే తిన్న."

"అన్నీ?"

"రాళ్ళ లెక్కున్నయ్ బిడ్డా, మాడు వాసన. గవ్వి పంచితె రేపు వాడంత నిన్ను జూసి నవ్వుతరు. పారేద్దమంటె, పొద్దటి సంది పొగల కూసోని చేస్తివి. చేతులు రాలె. నీళ్ళు తాగుకుంట మింగిన."

సంగతి చెప్పాను. అవ్వ కేక వేయలేదు. నా గదవ గట్టిగా పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"నువ్వు తిన్నవా?"

"లే."

"నిజం జెప్పు."

"నీ మీదొట్టు, ఒక్కటి గూడ తినలె."

"ఇగ ఫికర్ లేదు" అని లేచి చీర దులుపుకుంది.

ఆమెకు ఫికర్ లేదు. ఫికరంతా నాదే. నోట్లో వేలు పెట్టుకుని కక్కమని బతిమాలితే, "గింతమంది నడుమనా? ఇంటికి పోయినంక సూద్దాం" అంది. ఆమె ఒకసారి తేన్చింది. నేను సగం చచ్చాను. "ఉట్టి మీద సకినాలున్నయ్, మీ బాపుకు పెట్టు. బర్రె కొత్తోళ్ళకు పాలియ్యది, నా పాత కొంగు కప్పుకోని పిండు" అని దారిలో ఒక్కొక్కటీ అప్పగిస్తుంటే, చెవులు మూసుకోవాలనిపించింది. అవ్వ లేని ఇల్లు ఎట్లా ఉంటుందో అంతకుముందు ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటూ ఆమె కొంగు పట్టుకుని నడిచాను.

వాడ మలుపులో బాపు ఎదురుగా ఉరికొస్తున్నాడు, చెప్పులు లేకుండా, పిడికిలిలో కాగితం పొట్లం పట్టుకుని.

"కలపలేదే! కలుపుదమనుకోని చూరుల పెట్టి మరిసిన! ఇగో, దారం గూడ ఇప్పలె!"

అవ్వ ఆ పొట్లాన్నీ బాపునూ మార్చి మార్చి చూసింది. పెళ్ళైన నాటి నుంచీ ఆమె తిట్టని రోజు లేదు ఆ మతిమరుపును. "నీ మతిమరుపు సల్లగుండ!" అని నడిబజారులో చతికిలబడి, అప్పుడు ఏడ్చింది. బాపూ నేనూ చెరో పక్కా కూర్చుని ఆమెకు తోడయ్యాం.

బిస్కిట్ల పిచ్చి మాత్రం నన్ను వదల్లేదు. బాపు మైదా డబ్బాకు తాళం వేస్తే, నేను వేరే మైదా తెచ్చుకున్నాను. అవ్వ ఉన్నన్నాళ్ళూ ఏ పండుగకు చేసినా, పళ్ళెం దించగానే మొదటిది తనే తీసుకుని కొరికేది. "నైవేద్యం ఎంగిలైతదవ్వా" అంటే, "దేవుడు ఆగుతడు తియ్. ముందుగాల నన్ను సూడనియ్యి" అనేది. బాగుందో లేదో ఒక్కనాడూ చెప్పలేదు. నమిలి మింగి, కాసేపు అట్లా ఉండి, ఇక పెట్టుకోమన్నట్టు తలూపేది.

ఇప్పుడు నా నాన్‌ఖటాయి బాగుంటుందని ఇంట్లో అందరూ అంటారు. పళ్ళెం దించాక మొదటిది చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తోచక కొంచెంసేపు నిలబడతాను. అందరూ నన్ను చూసి నవ్వుతారు. పళ్ళు లేని ముసలివాణ్ణి, నేనూ నవ్వి, పాలలో ముంచుకుని నేనే తినేస్తాను.